రంగం రాగి

రంగూన్‌ని ఆ ఊళ్లో రంగం అనేవారు. అక్కడి నుంచి ఆదిశేషమ్మ తిరిగివచ్చిన ఏడాది రాగి గురించి జరిగినంత చర్చ ఊళ్లో మరి దేని గురించీ జరగలేదు. భర్త అక్కడి మట్టిలోనే కలిసిపోయాడు. ఒంటిమీది బంగారాన్ని అక్కడి సర్కారు రేవు దాటనివ్వలేదు. ఓ మూట, ఓ రాగి బిందె పట్టుకుని ఓడ దిగి, సూళ్లూరుపేట పక్కనే ఉన్న తమ్ముడు జయరామయ్య ఇంటికి చేరింది.

ఊరి నోళ్లు ఊరుకుంటాయా? రంగం రాగిలో పావువంతు బంగారమేనని పోలేరయ్య అన్నాడు. పులికాటు సరస్సు అవతలి గట్టు దాటి ఎరగని మనిషి! సాయంత్రానికి ఆ పావు సగమైంది. ఆదిశేషమ్మ అవుననలేదు, కాదనలేదు. రెండెకరాల మడితో ఐదు నోళ్లు నిండని ఇంట్లో తను ఆరో నోరు. అయినా మరదలు వెంకటశేషమ్మ కూర్చోబెట్టి వడ్డిస్తోంది. నిజం చెబితే ఆ ముద్ద ఉంటుందో ఊడుతుందో. ఆకలి ఎరిగినవాళ్లెవరూ ఆమెను తప్పుపట్టరు.

ఆ వేసవిలో జయరామయ్య ఎద్దు చచ్చింది.

"అక్కా, నీ బిందె మదరాసులో అమ్మి ఎద్దును తెస్తా. ముందు మన దేశం రాగికీ, ఆ దేశం రాగికీ ఎంత తేడానో చూడాల" అంటూ అటకమీది తల్లి నాటి బిందెను దించాడు.

రెండింటినీ చింతపండుతో తోమి అరుగుమీద పెట్టారు. వీధంతా మూగింది. పోలేరయ్య పెద్దమనిషిలా ముందుకొచ్చి వేలితో కొట్టి చూశాడు.

"ఇది మనది. బొంగురు గొంతు. ఇదిగో, ఇది రంగందీ! గుళ్లో గంట మోగినట్టు మోగతా ఉండాది."

"రంగు చూడన్నా, ఎంత పచ్చగా ఉండాదో!" అంది పక్కింటి మస్తానమ్మ.

వాళ్లు మెచ్చుకుంటున్నది అటకమీది బిందెను. తోమడంలో రెండూ తారుమారయ్యాయి. తన బిందె అంచున ఉన్న సొట్టను బట్టి ఆదిశేషమ్మకొక్కదానికే ఆ సంగతి తెలుసు. జయరామయ్య దాన్నే గోనెసంచిలో కట్టి రైలుకు బయల్దేరాడు. మదరాసు బజారులో బంగారమని చెబితే వాణ్ణి మోసగాడంటారు. ఇక ఆమె ఉండబట్టలేకపోయింది.

"పోబాక అబ్బయ్యా! సంచిలో ఉండేది అమ్మ బిందె. నాదీ అట్టాంటిదే. నా పెళ్లికి అమ్మ గూడూరులో రెండూ ఒక్కసారే చేయించింది. అప్పటికి నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు. బంగారం లేదు, ఏమీ లేదు."

జనం నవ్వుకుంటూ చెదిరిపోయారు. జయరామయ్య తల పట్టుకుని అరుగుమీద కూలబడ్డాడు. ఆదిశేషమ్మ లోపలికి వెళ్లి మూట కట్టుకుంది. గడపలో వెంకటశేషమ్మ అడ్డంగా నిలబడి ఉంది.

"యాడికి వదినా?"

"రంగం నుంచి వచ్చినోళ్లకి మదరాసు కాడ కొట్టాలు వేసినారంట. ఆడికి పోతా. ఇన్నాళ్లూ బిందెను చూసే గదమ్మా నాకు అన్నం పెట్టినావు."

వెంకటశేషమ్మ కాదనలేదు.

"మొదట్లో దాన్ని చూసే పెట్టినా. అబద్ధమెందుకు? నాకు చలిజ్వరమొస్తే రాత్రంతా నా తల ఒళ్లో పెట్టుకున్నావే, ఆ పొద్దు నుంచీ బిందె సంగతే మర్చిపోయినా." మూట లాక్కుని లోపలికి విసిరింది. "ఎద్దు సంగతి ఆయన చూసుకుంటాడు. నువ్వు పోతే ఈ ఇంట్లో నేనెవురితో పోట్లాడాల?"

ఓడ ఎక్కిన రోజు కూడా కన్నీరు పెట్టని ఆదిశేషమ్మ ఆ గడపలోనే కూర్చుని పసిపిల్లలా ఏడ్చింది.