సగంలో ఆగిన ఈల

"తాతా, తెర మీద ముందు నీ పేరే పడుద్ది. ఆ తర్వాతే నా పేరు. సాయిబాబు మాటంటే మాటే."

కోదాడ సాయిబాబు ఈ మాట ఇచ్చింది చివ్వెంల అవతలి గుట్ట కింద, దుర్గయ్య సద్దిలోంచి జొన్నరొట్టె తుంచుకుని తింటూ. అప్పటికి అతను పెళ్లిళ్లలో కీబోర్డు వాయించేవాడు. గొర్లను మలపడానికి దుర్గయ్య వేసే ఈలను ఫోనులో రికార్డు చేసుకుని, ముసలాయన కాళ్లకు మొక్కి మరీ పోయాడు. ఇప్పుడు సినిమాలకు సంగీతం చేస్తున్నాడు. ఆ ఈల బాణీతోనే ఒక సినిమా వచ్చింది. తెర మీద సాయిబాబు పేరు నిలువెత్తు పడింది. దుర్గయ్య పేరు చీమంత కూడా పడలేదు.

సినిమా విడుదలైన నాటి నుంచి దుర్గయ్య మందకు ఒక అలవాటు అయింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ థియేటర్లలో మార్నింగ్ షో మొదలవగానే గొర్లు మేత ఆపి తలలెత్తుతాయి. తెర మీద ఆ బాణీ మొదటిసారి రాగానే మంద మూడు పాయలై మూడు దిక్కులకు నడుస్తుంది. మిర్యాలగూడకు బస్సులో పోయినా గంట దాటుతుంది. గొర్లకు ఒక పాట, ఒక ఫైటు చాలు. ఇంటర్వెల్‌లో జనం బయటికొచ్చేసరికి అవి గేటు దగ్గర నిలబడి ఉంటాయి.

"గొర్లొచ్చే టైమైంది, బండ్లు జరుపుండ్రి!" అని కోదాడ థియేటరు గేటు కాడి మైసయ్య రోజూ అరుస్తాడు. జనం బండ్లు జరుపుతారు. సమోసాలు తింటారు. మళ్లీ లోపలికి పోతారు.

ఆట ముగిసినా గొర్లు కదలవు. దుర్గయ్య వెళ్లి ఈల వేస్తే ఒకసారి ముఖం చూసి, మళ్లీ థియేటరు గోడ వైపు తిరుగుతాయి. వాటిని ట్రాలీ ఆటోల్లో ఎక్కించి మూడు ఊళ్ల నుంచి తెచ్చుకునేసరికి ముసలాయనకు ఒళ్లు హూనమవుతుంది.

"నీ ఈల కంటె సినిమా డబ్బాల ఈలనే సాఫుగున్నదేమో వాటికి," అంది భార్య అలివేలు, కాళ్లకు నూనె రాస్తూ. "నాకు గూడ గట్లనే అనిపిస్తది."

దుర్గయ్య నవ్వలేదు. "పిలిస్తె రాని గొర్లు నావెట్లయితయే? వచ్చే ఆదివారం అంగట్ల అమ్మేస్త."

ఆ మాటకు మనవడు లక్ష్మణ్ గడపలోంచి లేచాడు. సూర్యాపేటలో డిగ్రీ చదువుతూ, కాలేజీ గోడల మీద నినాదాలు రాసే పిల్లవాడు. "ఎట్ల అమ్ముతవ్ తాతా? ఇది సాంస్కృతిక దోపిడీ! దున్నేటోనిదే భూమి అయితే, ఈలేసేటోనిదే బాణీ!"

"గంత పెద్ద మాటలెందుకురా. సినిమా సూసినవా నువ్వు?"

"సూడ. బహిష్కరించిన."

"సూసి తిట్టు. నా ఈలను ఏడేడ పెట్టిండో నాకు గూడ జెప్పు."

లక్ష్మణ్ ఆ శనివారం పొద్దున్నే మిర్యాలగూడ వెళ్లి, చేతులు కట్టుకుని, పళ్లు బిగించి కూర్చున్నాడు. తెర మీద ఒక లారీ డ్రైవరు, అతని భార్య. అతను వీధి మలుపులో ఈల వేస్తాడు. వెనక ఫ్లూటు గంతులేస్తుంది. ఆమె తడిచేతులతో పరుగెత్తుకొస్తుంది. లక్ష్మణ్‌కు కోపమే వచ్చింది. ఇంటర్వెల్ ముందు ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఆమె తలుపేసుకుంది. అదే బాణీ ఈసారి వయొలిన్ల మీద, కాళ్లీడ్చుకుంటూ వచ్చింది. లక్ష్మణ్ సీట్లో అటూ ఇటూ కదిలాడు. చివర్లో డ్రైవరు లేడు. ఆమె ఒక్కతే బియ్యం చెరుగుతోంది. ఏ వాయిద్యమూ లేకుండా, ఉత్త ఈల. ఆమె చేట ఆపి గుమ్మం వైపు చూసింది. ఈల సగంలో ఆగిపోయింది.

లక్ష్మణ్ వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే తనను తాను తిట్టుకున్నాడు. పుట్టినప్పటి నుంచి రోజూ విన్న ఈల అది. ఎన్నడూ చెవిన పెట్టింది లేదు. దొంగ చేతిలో పడ్డాక ఏడుపెందుకు వచ్చింది?

ఆ మధ్యాహ్నమే సినిమావాళ్లు కోదాడ థియేటరుకు వస్తున్నారని తెలిసి, తాతను తీసుకుని, ఈల ఎక్కడెక్కడ ఎట్లా వచ్చిందో దారిపొడవునా చెబుతూ అక్కడికి పోయాడు. సాయిబాబు పూలదండతో కారు దగ్గర దొరికాడు.

"మా తాత పేరేది?" లక్ష్మణ్ గొంతు థియేటరు ఆవరణంతా వినపడింది.

"ఏందయ్యా తమ్ముడూ, అట్లా మీదికొస్తావ్? ఈల ఎవడైనా వేస్తాడు. మొదటిసారి విన్నప్పుడు నీకేమన్నా అయ్యిందా? మూడోసారికి ఏడ్చావు. ఆ మూడోసారి నాది."

"నేనేడ్చిన్నని నీకెవడు జెప్పిండు?"

"నీ కళ్లు చూసుకో అద్దంలో."

లక్ష్మణ్‌ తెలిసిన నినాదాలన్నీ వెతికాడు. ఒక్కటీ అతకలేదు.

దుర్గయ్య మెల్లగా అడిగాడు. "అంతా మంచిగనే ఉంది బిడ్డా. ఆఖర్ల సగంల ఎందుకాపినవ్?"

"ఆపితేనే తాతా, మిగతాది జనం లోపల మోగుద్ది."

"జనం సంగతి నాకు తెల్వదు. గొర్లకు సగం ఈలంటె 'ఆగుండ్రి, నేనొస్తున్న' అని. మలి సగం 'ఇగ పోదాం పాండ్రి' అని. ఆగమన్నవ్, ఆగినయ్."

సాయిబాబు ముచ్చటపడి నవ్వాడు. "ఇదేదో బాగుందే! అయితే మిగతా సగం నువ్వే వేసెయ్. పేరు సంగతి ఈసారి తప్పకుండా చూస్తా." కారు కదిలింది.

మళ్లీ ఇంకో ఉత్తి మాట! లక్ష్మణ్ కారు వెనకే రోడ్డు మీదికి నడిచాడు. కారు కనుమరుగైనా ఆగలేదు. పొద్దు వాలుతోంది. తల నిండా తిట్లు. ఆ తిట్ల కింద తనకు తెలియకుండానే పెదవులు ఈల వేస్తున్నాయి. సినిమా ఆపిన చోట మొదలుపెట్టి, బియ్యం చెరిగే మనిషి ఎదురుచూపంత నిదానంగా, మలి సగం.

వెనక గిట్టల చప్పుడైంది. కోదాడ గొర్లు వస్తున్నాయి. మునగాల దాటేసరికి మిర్యాలగూడ పాయ పొలాల్లోంచి వచ్చి కలిసింది. చివ్వెంల మలుపులో సూర్యాపేట పాయ ఎదురొచ్చింది. మంద చివర దుర్గయ్య, కర్ర భుజాన వేసుకుని. ఆయన మంద వెనక నడవడం అదే మొదలు.

"గింత నిదానంగ నేనెన్నడు ఎయ్యలేదురా," అన్నాడు ఇంటికొచ్చాక. ఆదివారం అంగడి మాట మళ్లీ ఎత్తలేదు.

సోమవారం లక్ష్మణ్ కాలేజీ బస్సు కోసం నిలబడితే మంద మొత్తం బస్టాపుకొచ్చి వెనక నిలబడింది. బస్సు అతన్ని ఎక్కించుకోకుండానే పోయింది. తాత ఈలకు ఒక్క గొర్రె కదల్లేదు.

"గోడల మీద రాసింది చాలు, ఇగ మందను తోలుకపో," అంటూ అలివేలు సద్ది చేతిలో పెట్టింది.

గుట్ట కింద కూర్చుని లక్ష్మణ్ ఫోను తీశాడు. ఎన్నో తిట్లు కొట్టి, చెరిపి, చివరికి ఇంత పంపాడు:

"సాయిబాబూ, మా తాత పేరు దుర్గయ్య. అది తెర మీద పడాలె, అండ్ల బేరం లేదు. రెండోది అడుగుడు నాకే సిగ్గుగున్నది. ఆ రోజు నా నోట్లకెంచి వచ్చింది మా తాత ఈలనా, నీ బాణీనా? గొర్లకు ఫరక్ తెలుస్తలేదు, నాకూ తెలుస్తలేదు. నీకు తెలిస్తే ఈ గుట్ట కిందికొచ్చి, మలి సగం నీ నోటితోని ఏసి జెప్పు. రాకుంటే మందతోని మేమే వస్తం. గడువు: 2026 ఫిబ్రవరి 28."