గాలాల పోటీ పద్దులు

ఆమె అంట్లు తోముతుంటే హాల్లోంచి భర్త కేక వినిపించింది. "ఇదిగో, ఆ రసీదు పుస్తకాలు ఎక్కడ పెట్టావ్? ఆడిటర్ గారు అడుగుతున్నారు."

చేతులు కొంగుకు తుడుచుకుని ఆమె బీరువా తెరిచింది.

ఊరి చెరువు బాగుకోసమని ఆమె భర్త పదకొండేళ్ల కిందట చిన్న సేవాసంఘం పెట్టాడు. ఏటా గాలాలతో చేపలు పట్టే పోటీ నడపడం, మిగిలిన డబ్బుతో పూడిక తీయించడం. అధ్యక్షుడు ఆయన. ఆమెకు పదవి లేదు, పనుంది. ప్రవేశ రుసుముల పద్దులు, పడవల అద్దెలు, బహుమతులకు చాలకపోతే దాతల గుమ్మాలెక్కడం, అన్నీ ఆమె నెత్తినే. అంతకుముందు బ్యాంకులో చేసేది. "ఇంట్లోనే ఇంత పనుండగా పరాయివాళ్ల చాకిరీ దేనికమ్మా?" అన్నారు అత్తగారు. మానేసింది.

నాలుగో ఏడు, పోటీ రేపనగా, పుట్టింటి నుంచి అమ్మకు బాగాలేదని కబురొచ్చింది. "ఈ రెండ్రోజులూ గడవనీ. నువ్వు లేకపోతే లెక్కలన్నీ గాలికి పోతాయి" అన్నాడాయన. గడవనిచ్చింది. బహుమతులు పంచి, చిల్లర సరిచూసి బస్సెక్కి వెళ్లేసరికి అమ్మ లేదు. ఆయనేమైనా కాళ్లూ చేతులూ కట్టేశాడా? లేదే. తనే ఆగింది. ఎక్కడ తప్పు వస్తుందోనని, ఎవరేమంటారోనని ఆగింది. అంతా చేస్తే ఆ ఏడు లెక్కల్లో తేలిన తేడా ఒక్క టీ ఖర్చు.

ఆడిటర్ కొత్త ఫారం తీశాడు. "గ్రాంటు కావాలంటే జీతం లేకుండా చేసినవాళ్ల పేర్లు, మొదట్నుంచీ ఎన్ని గంటలు చేశారో రాయాలండీ."

భర్త చెప్పుకుపోయాడు, ఆమె రాసుకుపోయింది. తూకం వేసిన తమ్ముడు, మైకు పట్టుకున్న మేనల్లుడు, పడవ నడిపిన స్నేహితుడు.

"మరి లెక్కలు రాసింది?" అడిగాడు ఆడిటర్.

భర్త నవ్వాడు. "మా ఆవిడేనండీ. ఇంటిమనిషి, ఆమెదేం లెక్క!"

ఆమె కలం ఆగింది. ఏటా పోటీకి ముందు మూడు నెలలు, తర్వాత ఒక నెల, రోజుకు నాలుగు గంటలు. పదకొండేళ్లు. అందరివీ కలిపినా అందులో పదో వంతు రాలేదు. చివరి వరుసలో తన పేరు, ఆ అంకె, పక్కనే ఒక తేదీ రాసి కాగితం ముందుకు జరిపింది.

ఆయన మొహం ముడుచుకుంది. "ఇన్ని గంటలా? ఎవరు నమ్ముతారే?"

"ఇన్నాళ్లూ నేనే నమ్మలేదు" అంది. "పక్కన తేదీ కూడా చూడండి. నా పని ఇవాళ్టితో అయిపోయిందని రాశాను."