ఎవరి సగంలో తప్పు

మామగారి పాత మోటారుసైకిల్‌ను నేనూ మా బావమరిదీ చెరి సగం బాగుచేశాం. ఇంజను నాది. వైర్లు, రంగు అతనివి. అలా పంచింది నా భార్య. ఇద్దరం కలిసి ఒక పని చేస్తే చూడాలని ఆమెకు సరదా. బండి లేచేలోపు ఆమె పోయింది. ఆస్పత్రికి రమ్మని కబురు పంపితే ఆమె తమ్ముడు, అదే మా బావమరిది, అంతా అయిపోయాక వచ్చాడు, వేళ్లకు బండి రంగుతో. చివరి పూత మధ్యలో ఆపితే మచ్చ పడుతుందని ఆగాడట. ఆ రోజు నుంచి అతనితో మాట్లాడలేదు.

బండి స్టార్టయింది, కానీ మిస్ కొడుతోంది. కాస్త వేగం అందుకోగానే దగ్గుతుంది, ఒక దూకు దూకుతుంది, మళ్లీ ఏమీ ఎరగనట్టు నడుస్తుంది.

అత్తగారు తేల్చేశారు. "ఆదివారం వంతెన దాకా వెళ్లి రండి. ఎక్కడా తప్పకుండా నడిస్తే బండి మీది. ఒక్కసారి తప్పినా మావాడు తీసుకుపోతాడు. దానికోసం మీ ఇద్దరి మూతివిరుపులు ఇంక నావల్ల కాదు."

నాకు ఆ బండి కావాలి. నా భార్య నడపడం నేర్చుకుంది దానిమీదే. హ్యాండిల్ రబ్బరు ఆమె పట్టుకున్నచోట అరిగి ఉంది. అతను కొత్తది తెస్తే నేను వేయనివ్వలేదు.

బావమరిది రోజూ వచ్చి మా షెడ్డు గుమ్మంలో నిలబడేవాడు. మా మధ్య నా కూతురు.

"అమ్మాయ్, మీ నాన్నకు చెప్పు. కార్బొరేటర్‌లో చెత్త ఉంది."

"మీ మామయ్యకు చెప్పు. వైర్లు కలపడం చేతకాక నా ఇంజనుమీద పడొద్దని."

"ఇద్దరికీ చెవులు బాగానే ఉన్నాయిగా," అంది నా కూతురు. "మధ్యలో నేనేమన్నా మైకునా?"

అతని వైర్లన్నీ విప్పాను. ఒక్కో అతుకూ లాగి చూశాను. ఒక్క తప్పూ దొరకలేదు. అందుకు ఇంకా కోపం వచ్చింది. నేను బజారుకెళ్లి వచ్చేసరికి అతను నా కార్బొరేటర్ విప్పి గుడ్డమీద పరిచి కూర్చున్నాడు. అందులో నలుసంత మట్టి లేదు. అతని మొహం చూస్తే నాకు కడుపు నిండింది. ఎవరి సగాన్ని వాళ్లం మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఒప్పుకున్నట్టే.

ప్లగ్గు అతని వైర్ల కిందికే వస్తుందని మార్చాను. పెట్రోలు ఒంపేసి కొత్తది పోశాను. నిన్న బాగా నడిచిన వేగంలోనే ఇవాళ దగ్గేది. నాకు బుర్ర తిరిగిపోయింది.

చివరికి బండిని నిలబెట్టి ఇంజను వేగం పెంచి, పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాను. ఒక్క తప్పు లేదు. వినడం ఆపాను. దగ్గింది. మళ్లీ పెట్టాను. బుద్ధిగా నడిచింది. తీశాను. దగ్గింది. నేను వింటే బాగుంటుంది, వినకపోతే తప్పుతుంది. జబ్బు దానికా నాకా?

స్క్రూడ్రైవర్‌ను కదపకుండా వంగి చూశాను. దాని మొన ఇంజనుమీద ఉంది. నడిమి భాగం ఫ్రేముకున్న బోల్టు తలకు తగులుతోంది. ప్లగ్గుకు వెళ్లిన కరెంటు ఇంజనులోంచి ఫ్రేములోకి తిరిగి రావాలి. ఇంజను బిగించినచోట ఫ్రేముకు దళసరి రంగు, దానిమీద నా బోల్టు. కరెంటుకు సరైన దారి లేదు. నేను వింటున్నంతసేపూ స్క్రూడ్రైవరే దారి ఇచ్చింది. రంగు అతనిది, బిగింపు నాది. తప్పు ఎవరి సగంలో ఉన్నట్టు?

ఇంజను బోల్టులు ఊడదీసి, బ్లేడుతో రంగు గీకాను. ఇనుము తెల్లగా కనబడింది.

"మీ నాన్నకు చెప్పు," అన్నాడు గుమ్మంలోంచి. "అన్ని పూతలు వేసింది గీకించుకోడానికి కాదని."

"గీకే గతి పట్టించింది ఎవరో అడుగు."

ఆదివారం పొద్దున అత్తగారు గేటు దగ్గర కుర్చీ వేయించుకున్నారు. "ఒరేయ్, నువ్వు వెనక ఎక్కు."

"నేనా? ఎందుకమ్మా?"

"తప్పితే బండి నీకొస్తుంది. నీకన్నా శ్రద్ధగా ఎవడు వింటాడు?"

ఎక్కాడు. నన్ను పట్టుకోవడం ఇష్టంలేక సీటు అంచు పట్టుకున్నాడు. వంతెన దాకా బండి చక్కగా వెళ్లింది. తిరుగుదారిలో చిన్న ఎత్తు ఎక్కుతుండగా దగ్గింది. ఒక్కటే దగ్గు, ఒక్కటే కుదుపు. అతని గడ్డం నా భుజానికి కొట్టుకుంది. రంగు గీకాను, బోల్టులు బిగించాను. ఇంకా ఎందుకు తప్పిందో నాకు తెలియలేదు. బండి పోయిందని మాత్రం తెలిసింది.

గేటు ముందు ఆపాను. ఇంజను ఆపలేదు.

"ఏరా, తప్పిందా?" అన్నారు అత్తగారు.

నేను నేల చూస్తున్నాను.

"లేదమ్మా," అన్నాడు దిగుతూ. "నీళ్లు పారినట్టు నడిచింది."

ఆవిడ బండి కాగితాల సంచి తెచ్చి నా చేతిలో పెట్టారు. అతను గడ్డం రుద్దుకుంటూ రోడ్డెక్కాడు. అక్క కోసం అన్నాడా? లేక నాకు జీవితాంతం గుచ్చుకునేలా అన్నాడా? నా కూతురు నన్నే చూస్తోంది. ఒక్కసారి పిలిస్తే ఆగేవాడు. అడిగితే చెప్పేవాడేమో.

పిలవలేదు.