ఒక ఇంటికి ఒకే తొడుగు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. హాల్లో పేపరు చదువుతూ ఆమె భర్త, సోఫాలో కాళ్ళు చాపుకుని అత్తగారు, నిన్న చుట్టపుచూపుగా వచ్చిన ఆడపడుచు, వంటింటి సింకు దగ్గర ఆమె. ఆమె చేతిలో భర్తగారి పళ్ళ తొడుగు ఉంది.

పళ్ళ తొడుగంటే పై వరసకొకటి, కింది వరసకొకటి గట్టి ప్లాస్టిక్కుతో చేసిన జత. పడుకునేటప్పుడు పెట్టుకుంటే కింది దవడను కాస్త ముందుకు పట్టి ఉంచుతుంది. గొంతులో గాలి దారి మూసుకుపోదు, గురక తగ్గుతుంది. ఆయన నోటికి అచ్చు తీసి చేశారు. పెట్టుకోవడం ఒక్కటే ఆయన పని, మిగతాదంతా ఆమెది. పొద్దున్నే మెత్తటి బ్రష్షుతో తోమాలి. వేడినీళ్ళు తగిలితే వంకరపోతుంది కాబట్టి చన్నీళ్ళే పోయాలి. తుడిచి డబ్బాలో పెట్టాలి. పడుకునే ముందు గుర్తు చెయ్యాలి, గుర్తు చేసినందుకు ఆయన విసుక్కుంటే పడాలి. అది చాలదన్నట్టు పళ్ళ డాక్టరు కూడా "గురక తగ్గిందా అమ్మా?" అని ఆమెనే అడిగేవాడు. నిద్రపోయేవాడికేం తెలుస్తుంది, మేలుకుని ఉన్నవాళ్ళని కదా అడగాలి. ఆయన వైద్యానికి కావలసిన సామాన్లలో తన నిద్రలేమి కూడా ఒకటని ఆమెకు అప్పుడర్థమైంది.

పెళ్ళైన కొత్తలో ఆ గురకకు బెదిరి ఆమె హాల్లో పడుకుంటే, మగాడన్నాక గురక పెడతాడు, అలవాటు చేసుకోమన్నారు అత్తగారు. చేసుకుంది. తొడుగొచ్చి ఆయన గురక ఆగాక, ఇంట్లో అందరికీ ఆమె గురక వినపడింది. అది ఎన్నాళ్ళనుంచి ఉందో, ఆయన హోరులో ఎవరికి తెలుసు? ఆడదానికి గురకేమిటి, ఎవరైనా వింటే నవ్విపోతారని అత్తగారు కిటికీ మూయించారు. పక్కన పిండిమర పెట్టుకుని పడుకుంటున్నట్టుందని ఆయన బంధువుల ముందు జోకులేశాడు. ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారని.

ఆమె బస్సు టిక్కెట్ల కౌంటర్లో కూర్చుంటుంది. ఎంత పడుకున్నా పడుకున్నట్టుండదు, కళ్ళు వాటంతటవే మూతలు పడతాయి. తోటివాళ్ళు కునుకమ్మ అని పేరు పెట్టారు. మొన్నొక ప్రయాణికుడు నాణెంతో అద్దం మీద టకటకా కొట్టి లేపాడు. ఇంకోసారి ఇలా జరిగితే కౌంటర్లోంచి తీసేస్తానన్నాడు మేనేజరు. అప్పుడు వెళ్ళింది నిద్ర డాక్టరు దగ్గరికి, ఎవరికీ చెప్పకుండా. ఆ డాక్టరు పరీక్షలు చేయించి, నిద్రలో ఆమెకు ఊపిరి ఆగిపోతోందని, ఆగినప్పుడల్లా మెదడే తట్టి లేపుతోందని చెప్పాడు. నిద్రలో కూడా తనను ఎవరో ఒకరు లేపుతూనే ఉన్నారన్నమాట, అనుకుంది. ఆమె కూడా తొడుగు పెట్టుకోవాలన్నాడు. పళ్ళ డాక్టరు అచ్చు తీసేది ఈ రోజే.

తొడుగు తోముతూనే ఆ మాట చెప్పింది.

అత్తగారు కాసేపు ఆలోచించారు. "వాడిది ఉందిగా అమ్మాయ్. పగలంతా డబ్బాలో ఊరికే పడుంటుంది. మధ్యాహ్నం ఓ కునుకు తీసేటప్పుడు నువ్వు పెట్టుకో."

పెళ్ళైన దగ్గర్నుంచి ఆమె ఏ మధ్యాహ్నం పడుకుందో అత్తగారే చెప్పాలి.

"ఒకసారి పెట్టి చూడు వదినా, పోయేదేముంది? కడిగే ఉందిగా," అంది ఆడపడుచు. ఒకే ఇంట్లో రెండెందుకన్నాడాయన, పేపరు దించకుండా.

చెప్పేకన్నా చూపించడమే నయమనుకుంది ఆమె. మూడు ముఖాలూ చూసి, హాలు మధ్యలోకొచ్చి నిలబడి తొడుగును నోట్లో పెట్టుకుంది. పైది రెండు పళ్ళ మీద ఎక్కి అక్కడే నిలిచిపోయింది. కిందిది అసలు దిగలేదు. పెదవులు కలవలేదు, గడ్డం మీదికి చొంగ కారింది. ఆడపడుచు పైట నోటికి అడ్డం పెట్టుకుని కిలకిలా నవ్వింది.

"కొత్తలో అలాగే ఉంటుంది," అన్నాడాయన. "నాలుగు రోజులు పెట్టుకుంటే సర్దుకుంటుంది."

సర్దుకోవడం. ఈ ఇంట్లో ఆ క్రియకు కర్త ఎప్పుడూ ఆమే. గురకకు సర్దుకుంది, కిటికీ మూస్తే ఉక్కకు సర్దుకుంది, కునుకమ్మ అన్న పేరుకు సర్దుకుంది. ఇప్పుడు చూస్తే గుప్పిట్లో పట్టే ప్లాస్టిక్కు ముక్క, తనకు కొలతిచ్చిన నోట్లో తప్ప ఇంకెక్కడా కూర్చోనని మొండికేసింది. ఎంత అదిమినా దిగలేదు. దాన్ని బయటికి తీసి చూస్తే ఆమెకు ముచ్చటేసింది.

"ఇది సర్దుకోదండీ," అంది.

తొడుగును సింకు గట్టు మీద గిన్నెలో పెట్టి, ముఖం కడుక్కుని, చీర మార్చుకుని వచ్చింది. చెప్పులు వేసుకుంటుంటే ఆయన, అది ఎంగిలైంది కదా, కడిగి వెళ్ళమన్నాడు.

"మీరు కడుక్కోండి. వేడినీళ్ళు మాత్రం పొయ్యకండి."

ఆ ఇంట్లో ఎవరు బయటికి వెళ్ళినా గుమ్మం దాటి 'తలుపేసుకో' అంటారు. ఎవరితో అంటున్నారో చెప్పరు, చెప్పక్కర్లేదు. తడి చేతులతోనైనా ఆమే వచ్చి గడియ పెడుతుంది. తను పనికి వెళ్ళేటప్పుడు మాత్రం, ఎవరినీ లేపడం ఇష్టంలేక, బయటినుంచే తాళంచెవి తిప్పుకుని పోతుంది. ఈసారి తాళంచెవిని గోడకున్న మేకుకు తగిలించింది. గుమ్మం దాటింది.

"తలుపేసుకోండి," అంది.

లోపల పేపరు చప్పుడు ఆగింది. అత్తగారు కూతురి వైపు చూశారు, కూతురు అన్న వైపు చూసింది. ఆమె మెట్టు మీద వీధివైపు తిరిగి నిలబడింది. చాలాసేపటికి కుర్చీ కిర్రుమంది. నేలమీద చెప్పులీడ్చుకుంటూ, ఏదో గొణుక్కుంటూ ఆయన వచ్చి, ఆమె వెనకాల తలుపేసి గడియ పెట్టాడు.