ఎర్ర గొడుగు, రాని చాయ్

మా మామయ్య లక్ష్మయ్యకు వేములపల్లిలో మూడెకరాల మాగాణి, ఒక ఎర్ర గొడుగు ఉన్నాయి. గొడుగు పురుగుమందుల దుకాణం వాళ్లు ఊరికే ఇచ్చింది. ఊరికే వచ్చిన వస్తువు కాబట్టి పొలం కంటే దాన్నే ఎక్కువ జాగ్రత్తగా చూసుకునేవారు.

నాది కోదాడ. బీకాం చదివాను. పెళ్లయి ఇక్కడికి వచ్చాక ఆ చదువు గ్యాస్ బుక్ చేయడానికి బాగా పనికొచ్చింది. మా ఆయన యుగంధర్‌కు మిర్యాలగూడలో మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. పొద్దున పోతే చీకటిపడ్డాక వస్తాడు. అత్తయ్య పోయి ఆరేళ్లయింది. ఇంట్లో మామయ్యా, నేనూ. ఇద్దరం ఎక్కువ మాట్లాడే రకం కాదు. అందుకని మూడేళ్ల కిందట ఫోన్ పట్టుకుని "గట్టు మీద" అనే పేరుతో ఒక వీడియో ఛానెల్ పెట్టాను. మొదట్లో చింతకాయ తొక్కు, సర్వపిండి పెట్టేదాన్ని. పదకొండు మంది చూసేవాళ్లు, అందులో తొమ్మిది మంది మా పుట్టింటివాళ్లు. తరవాత ఈదమ్మ దొరికింది.

ఈదమ్మ నాట్లకు వచ్చే ఆడవాళ్ల గుంపుకు పెద్ద. అరవై దాటి ఉంటాయి. గొంతు మాత్రం రెండు మళ్ల అవతలికి వినపడుతుంది. ఆమె గుంపుకు ఒక పద్ధతి ఉంది. నాటు వేసేటప్పుడు ఎవరు వచ్చి గట్టు మీద నిలబడినా వాళ్ల పేరు పాటలో పడుతుంది. అందులోంచి బయటపడాలంటే చాయో, తమలపాకులో తెప్పించాలి. అప్పటిదాకా గుంపంతా ఆ పేరును తిప్పితిప్పి పాడుతుంది. రాగం పాతది, మాటలు ఆ పూటవి. ఆమె పాటలు ఒక్కొక్కటే నా ఛానెల్‌లో పెట్టాను. ప్రతి వీడియో కింద "పాడినది: ఈదమ్మ, వేములపల్లి" అని రాశాను. రేషన్ కార్డు తరవాత ఈదమ్మ పేరు అచ్చులో కనపడేది అక్కడొక్కచోటే. మనవరాలితో చదివించుకుని, ఇంకోసారి చదవమనేదట.

నిరుడు ఆగస్టులో మా పొలంలో నాట్లు పడ్డాయి. మామయ్య ఎర్ర గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడ్డారు. ఎండ ముదిరినా చాయ్ రాలేదు. ఈదమ్మ అందుకుంది.

*ఎర్ర గొడుగు కిందున్న లక్ష్మయ్య పటేలా,*
*చాయ్ ఏది పటేలా, చల్లారిపాయెనా.*
*మడిల మేముంటిమి, గట్టు మీద నువ్వుంటివి,*
*గిన్నె యాడ ఉన్నదో చెప్పరా పటేలా.*

పన్నెండు మంది ఆడవాళ్లు వంగి నాటు వేస్తూనే నవ్వుతున్నారు. నేను మోటారు కొట్టం పక్కన నిలబడి మూడు నిమిషాల వీడియో తీశాను. మామయ్య అటూ ఇటూ చూసి, గొడుగు కాస్త కిందికి దించుకున్నారు. ఆ వీడియో లక్షా పాతికవేల మంది చూశారు. ఈదమ్మకు ఆ రాగం ఇష్టమేమో, ఆ నెలలోనే ఇంకో ఇద్దరి పొలాల్లో వేరే పేర్లతో పాడింది. అవీ పెట్టాను.

మొన్న మేలో మా ఆడపడుచు బిడ్డ పెళ్లికి సూర్యాపేట పోయాం. ఫంక్షన్ హాల్లో భోజనాల వేళకు డీజే మొదలైంది. తప్పెట్లు, ఈలలు, మధ్యలో ఎవరో అమ్మాయి గొంతు సన్నగా చేసి పాడుతోంది. ఎర్ర గొడుగు కిందున్న లక్ష్మయ్య పటేలా. పెద్ద టీవీలో పదిమంది ఆడపిల్లలు ఎర్ర గొడుగులు తిప్పుతూ ఎగురుతున్నారు. ఏప్రిల్‌లో పట్నంలో ఏదో పాటల కంపెనీ చేసిందట. మాటలు ఒక్కటి కూడా మార్చలేదు. మారిస్తే పాట పాడవుతుందనుకున్నారో, లక్ష్మయ్య అంటే ఏదో దేవుడనుకున్నారో తెలియదు.

బంధువులందరూ మామయ్య వైపు తిరిగారు. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, వేములపల్లిలో లక్ష్మయ్యలు పదిమంది ఉన్నారనీ, వాళ్లలో పిసినారి ఎవరో తనకు తెలియదనీ చెప్పారు. ఇంటికి వచ్చి గొడుగును బీరువా వెనక్కి తోశారు. ఆ రోజునుంచి ఎండలో నెత్తి మీద తువ్వాలుతోనే తిరిగారు.

జూన్‌లో నాకు మెయిల్ వచ్చింది. నీ వీడియోలో ఉన్న పాట ఫలానా కంపెనీ సొత్తు, కనుక దాని మీద వచ్చే ఆదాయం ఇకనుంచి వాళ్లకు పోతుంది అని. ఆదాయం అంటే నెలకు ఒక పాలప్యాకెట్టు, అది పోతే పోనీ. సొత్తు అన్న మాటే మింగుడు పడలేదు. ఇది ఈదమ్మ పాట, వాళ్లకంటే ఎనిమిది నెలల ముందే పెట్టాను, తేదీ చూడండి అని అభ్యంతరం రాశాను. కంపెనీ ఒప్పుకోలేదు. మళ్లీ రాశాను. ఈసారి వాళ్లు ఆ రాగంలో ఉన్న మూడు వీడియోలూ తీసేయించారు. వీడియో తీసేయిస్తే ఛానెల్ మీద ఒక దెబ్బ పడ్డట్టు. మూడు దెబ్బలు పడితే ఛానెల్ మొత్తం మూత. నాకు మూడూ ఒక్కరోజే పడ్డాయి. ఏడు రోజుల్లో సరైన జవాబు ఇవ్వకపోతే నూట నలభై వీడియోలూ పోతాయి. వాటితోపాటు ఈదమ్మ పేరూ.

మా తమ్ముడు సతీష్ కోదాడలో ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్లు చెబుతాడు. బస్సెక్కి పోయి అడిగాను. పాటకు వేలిముద్ర లాంటిది తీసి ఆ సైటు మిషన్‌కు ఇస్తారట. ఎవరి వీడియోలో ఆ ముద్ర కనపడితే వాళ్లను పట్టుకుంటుందట.

"ఎవరు ముందు పాడారని అది అడగదక్కా. ముద్ర ఎవరు ముందు ఇచ్చారన్నదే చూస్తుంది," అన్నాడు. ఇప్పుడిక జవాబు రాస్తే కోర్టుకు పోయే హక్కు కూడా వాళ్లకు ఉంటుందనీ, కంపెనీని బతిమాలుకుని, ఆ పాట మళ్లీ పెట్టనని రాసిస్తే ఛానెలన్నా మిగులుతుందనీ సలహా చెప్పి, మరదలి చేత పకోడీలు పెట్టించాడు. పకోడీలు బాగున్నాయి.

మరునాడు ఈదమ్మ దగ్గరికి పోయాను. సంగతి ఆమెకు అప్పటికే చేరింది, వేరే రూపంలో. పాట పాడితే కేసు అవుతుందని ఎవరో చెప్పారట. వారం నుంచి ఆమె ఎవరి మడిలోనూ నోరు విప్పలేదు. గుంపు నాటు కూడా నెమ్మదించిందనీ, ఆడవాళ్లు ఊరికే నడుములు పట్టుకుంటున్నారనీ పక్కింటామె చెప్పింది.

ఆ పాట నీదేనని ఎట్లా చూపించాలి ఈదమ్మా అని అడిగాను. ఆమె వాకిట్లో వడ్లు చెరుగుతోంది.

"రాగం మా అత్తది. మా అత్తకు వాళ్లమ్మది. అది నాదని నేను చెప్ప," అంది. "మాటలు గూడ నాయి కావు బిడ్డా. ఎవలు గట్టు మీద నిలవడితే వాళ్లయి. ఆ పూట మాటలు మీ మామయి. పోయి ఆయన్నడుగు."

అడ్వకేట్‌ను అడిగినా ఇంత తేలిగ్గా చెప్పేవాడు కాదు. ఇంటికి నడుస్తుంటే నాకు దారి కనపడింది. కంపెనీ పాటలో మా మామయ్య ఉన్నారు. గొడుగుతో సహా ఉన్నారు. ఫలానా రోజు, ఫలానా గట్టు మీద ఎర్ర గొడుగు వేసుకుని చాయ్ ఇవ్వని లక్ష్మయ్యను నేనే అని ఆయన సంతకం పెడితే, ఎనిమిది నెలల తరవాత పట్నంలో పుట్టిన పాటలోకి ఆయన ఎట్లా వచ్చారో కంపెనీ చెప్పుకోవాలి.

ఒక్కటే ఇబ్బంది. సూర్యాపేట పెళ్లిలో మూడు వందల మంది ముందు ఆ లక్ష్మయ్య తాను కాదని ఆయన చెప్పి ఉన్నారు.

అడిగితే మొదటిరోజు వినపడనట్టు ఊరుకున్నారు. రెండోరోజు, పిసినారినని తన చేత్తో తనే రాసిచ్చిన మనిషి జిల్లాలో ఇంతవరకు లేడన్నారు. మూడోరోజు నేనేమీ అడగలేదు. ఈదమ్మ పాడడం మానేసిందని మాత్రం కూర వడ్డిస్తూ చెప్పాను. ఆయన అన్నం తినడం ఆపి, ఎన్ని రోజులాయె అని అడిగారు. పది రోజులన్నాను. చెయ్యి కడుక్కుని పోయారు.

ఐదోరోజు పొద్దున వరండాలో కూర్చుని, తెల్లకాగితం మీద రాసి నా చేతికిచ్చారు. గుండ్రటి అక్షరాలు, తేదీతో సహా. "వేములపల్లి వాస్తవ్యుడనైన లక్ష్మయ్య అను నేను రాసి ఇచ్చునది. ఎర్ర గొడుగు నాది. పాటలోని మనిషిని నేనే. ఆ రోజు పాలు విరిగినందున కూలీలకు చాయ్ ఇవ్వలేకపోతిని. నా మీద ఆ పాట కట్టి పాడినది ఈదమ్మ." కింద సంతకం.

నేను దాన్ని ఇంగ్లిషులో ఫారంలోకి ఎక్కించడం మొదలుపెట్టాను. పేరు, అడ్రసు, కారణం. చివర ఒక చిన్న గడి ఉంది. పైన చెప్పినదంతా నిజమనీ, అబద్ధమైతే శిక్షకు సిద్ధమనీ ఒప్పుకుంటూ దానిలో టిక్ పెట్టాలి. పెట్టకపోతే ఫారం ముందుకు కదలదు.

నేను ఆ గడి వైపు చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే ఆ రోజు పాలు విరగలేదు.

పది గంటలకల్లా చాయ్ తెమ్మని మామయ్య నాకు పొద్దున్నే చెప్పారు. ఫోన్ చార్జింగ్ పెట్టడం గుర్తుంది నాకు, చాయ్ గుర్తులేదు. నేను తేవలసిన చాయ్ గురించి వాళ్లు పాడుతుంటే, నేనే నిలబడి వీడియో తీశాను. తరవాత ఆయన అడిగితే, పాలు విరిగాయి మామయ్యా అన్నాను. అబద్ధం చిన్నదే. కానీ దాని మీద లక్షా పాతికవేల మంది నవ్వారు, సూర్యాపేటలో డీజే కూడా పెట్టారు.

ఫోన్ పక్కన పెట్టి వరండాలోకి పోయాను.

"మామయ్యా, ఆ రోజు పాలు విరగలేదు. నేనే మరిచిపోయాను."

ఆయన పేపర్ మీంచి తల ఎత్తలేదు.

"ఎరుకే," అన్నారు. "ఆ రాత్రి నాకు పాలన్నం పెట్టినవ్. విరిగిన పాలయితే పాలన్నం ఎట్లయితది బిడ్డా?"

మరి ఆ పూటే వాళ్లకు చెప్పొచ్చు కదా అన్నాను.

"పన్నెండు మంది ముందల కోడలు మరిచిందంటే నీ మీద పాడుదురు. ఊరికి కొత్తదానివి. నా మీద పాడితే ఏమైతది అనుకున్న." పేపర్ తిరగేశారు. "సూర్యాపేట దాక పోతదని నాకేం ఎరుక."

నేను ఊరికి వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆయన లెక్కలో ఇంకా కొత్తదాన్నే. మరి తెలిసీ పాలు విరిగినందున అని ఎందుకు రాశారని అడిగాను. ఆ ఫారంలో నిజం చెప్తున్నానని టిక్ పెట్టాలట గదా, ఏం చేస్తవో సూద్దామని రాసిన అన్నారు. ఫారం సంగతి మా ఆయన చెప్పాడట. ఈ ఇంట్లో తెలివైనదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నందుకు నాకు బాగా అయింది.

ఇంకో కాగితం తీసి మళ్లీ రాశారు. ఈసారి "మా కోడలు కళ్యాణి వీడియో తీయుటలో పడి చాయ్ మరిచినందున" అని వచ్చింది. ఆ ముక్క రాసేటప్పుడు అక్షరాలు ఇంకా గుండ్రంగా పడ్డాయి. నేనే ఇంగ్లిషులోకి మార్చాను, ఒక్క మాట తగ్గించకుండా. బీరువా వెనకనుంచి గొడుగు తెప్పించి, దానితో మామయ్యను గట్టు మీద నిలబెట్టి ఫొటో తీసి జతచేశాను. టిక్ పెట్టాను.

కోర్టుకు పోదలుచుకుంటే కంపెనీకి పది పనిదినాల గడువు. ఆ రోజులు మా ఇంట్లో పోస్ట్‌మాన్ గేటు దగ్గర ఆగినప్పుడల్లా మామయ్య కళ్లజోడు తుడుచుకునేవారు. ఎవరూ కోర్టుకు పోలేదు. పదకొండోరోజు ఒక లైను మెయిల్ వచ్చింది, మీ వీడియోలు తిరిగి పెట్టబడ్డాయి అని. తప్పయిందని లేదు. ఎవరు చదివారో, అసలు మనిషే చదివాడో లేదో తెలియదు. చదివి ఉంటే, ఆ ఊళ్లో ఒక కోడలు ఒకరోజు చాయ్ మరిచిపోయిందని పట్నంలో కూడా ఒకరికి తెలుసన్నమాట. కంపెనీ పాట అట్లాగే ఉంది, పెళ్లిళ్లలో మోగుతూనే ఉంది. మా మూడు వీడియోలూ ఉన్నాయి. వాటి కింద ఈదమ్మ పేరూ ఉంది.

మెయిల్ చదివి వినిపిస్తే ఈదమ్మ, అయితే కేసు ఖతమేనా అని రెండుసార్లు అడిగింది. మామయ్య రాసిన కాగితం కూడా చదవమంది. నేను చాయ్ మరిచిన ముక్క దగ్గర నన్నొకసారి తేరిపార చూసింది. అప్పుడే నాకు అనుమానం వచ్చి ఉండాల్సింది.

ఆ వారంలోనే మా పొలంలో నాట్లు. నేను తొమ్మిదిన్నరకే పద్నాలుగు మందికి సరిపడా చాయ్ క్యాన్ మోసుకుని పోయి గట్టు మీద పెట్టాను, అల్లం దంచి వేసి. మామయ్య ఎర్ర గొడుగు కింద నిలబడి ఉన్నారు. ఈదమ్మ నడుము ఎత్తి క్యాన్ వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్లీ వంగింది. నెల రోజుల మీద మొదటిసారి గొంతెత్తింది.

*ఫోను చేతిల పట్టిన కళ్యాణమ్మ కోడలా,*
*చాయ్ మరిచి మామ పేరు ఊరంత చేస్తివా.*

ఈసారి చాయ్ తెచ్చాను గదా ఈదమ్మా అన్నాను. ఇది ఈ ఏటిది, నిరుటిది ఏది అని అడిగింది. గుంపంతా అందుకుంది. నారు కట్టలు చకచకా విడిపోతున్నాయి. నేను ఫోన్ తీయాలా వద్దా అని చూస్తున్నాను.

"తియ్యి," అన్నారు మామయ్య, గొడుగు సర్దుకుంటూ. "నాదొక్కటే ఉంటే ఎట్ల?"

తీశాను. సాయంత్రం ఛానెల్‌లో పెట్టాను. మిషన్ కాసేపు వెతుక్కుని, ఏ సమస్యా లేదంది. ఆ రాగం నిరుటిదేనని దానికి తోచలేదో, కంపెనీ వాళ్లే కలగజేసుకోవద్దన్నారో నాకు తెలియదు. వీడియో కింద రాశాను:

పాడినది: ఈదమ్మ, వేములపల్లి. చాయ్ మరిచినది: కళ్యాణి.