గోల్ చూడని నాన్న

మా నాన్న రైనోల్డ్ ఇరవై ఏళ్ళకు పైగా మా ఫుట్‌బాల్ జట్టు ఆడిన ప్రతి ఆటకూ వెళ్ళాడు కానీ, మా మైదానంలో పడిన ఒక్క గోల్‌ని కూడా కళ్ళతో చూడలేదు. అభిమానులందరి చేత పాడించడానికి పాట ఎత్తుకోవడం ఆయన పని. జనం నిలబడి చూసే స్టాండు ముందు ఇనుప కంచె ఉంటుంది. దానికి బిగించిన చెక్క మెట్టెక్కి, మైదానానికి వీపు తిప్పి, చేత్తో మెగాఫోన్ పట్టుకుని మా వైపు నిలబడేవాడు. ఆట మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా అంతే. బంతి ఎటు పోతోందో, మనవాడు కింద పడ్డాడో, గోల్ తప్పిందో, అన్నీ మా ముఖాల్లో చూసి తెలుసుకునేవాడు. ఎప్పుడూ పొరపాటు పడలేదు.

నెవిల్ బాబాయికి ఇది మింగుడు పడేది కాదు.

"టికెట్టు కొనుక్కుని వీపు తిప్పుకుంటావేంట్రా? ఇంట్లోనే గోడకి తిరిగి పాడుకోవచ్చుగా!"

"నువ్వు పాడవు. పాడేవాళ్ళని పాడనివ్వవు. నీకెందుకురా టికెట్టు?" అనేవాడు నాన్న.

నెవిల్ టోర్డాఫ్ ఇంగ్లాండు మనిషి. మా పక్క పట్నం హోల్టెన్‌బెక్‌లో బ్రిటిష్ సైన్యం ఉన్న రోజుల్లో సిపాయిగా వచ్చి, మా పల్లెలో అన్నెగ్రెట్ పిన్నిని పెళ్ళి చేసుకున్నాడు. సైన్యం వెళ్ళిపోయింది, బ్యారకులు ఖాళీ అయ్యాయి, ఆయన మాత్రం కుర్చీల ఫ్యాక్టరీ లారీ నడుపుకుంటూ ఉండిపోయాడు. శనివారం పూట మాతో పాటే స్టాండుకి వచ్చి, డప్పు పక్కన ముఖం ముడుచుకుని నిలబడేవాడు.

"మా దగ్గర పాట ఆటలోంచి పుడుతుంది. అప్పటిదాకా నోరు మూసుకుని ఉంటాం, లేకపోతే తిట్టుకుంటాం. ఎవడో ఒకడు ఏదో ఒకటి అంటాడు, అందరూ అందుకుంటారు. మీకేమో ఆట ఏమైపోయినా పాట ఆగదు. ఇది ఫ్యాక్టరీ షిఫ్టురా రైనోల్డ్, సైరనొక్కటే తక్కువ."

"సర్లే. మీ దేశంలో అంతా కుర్చీల్లో కూర్చుని చూస్తారు. చేతిలో బీరుంటే మైదానం కేసి చూడనివ్వరు. నువ్వా నాకు చెప్పేది?"

ఇలా పోట్లాడుకుంటూనే ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు.

బాబాయి సొంత జట్టు క్రాస్‌డేల్ టౌన్ ఇప్పుడు లేదు. కార్లు కడిగే షాపులున్న ఒకాయన దాన్ని కొన్నాడు. ముందు చొక్కా రంగు మార్చాడు. తర్వాత మైదానాన్ని తన ఇంకో కంపెనీకి తనే అమ్ముకున్నాడు. చివరికి అక్కడ సుత్తులు, మేకులు, రంగు డబ్బాలు అమ్మే పెద్ద దుకాణం వెలిసింది. అంతకు ముందెప్పుడో బాబాయి వాళ్ళ నాన్న చితాభస్మాన్ని ఆయన కోరిక ప్రకారం ఉత్తరం వైపు గోలు వెనక చల్లారు. ఇప్పుడక్కడ కార్లు ఆపుకుంటారు. బాబాయి ఏడాదికోసారి వెళ్ళి, ఆ చోటే కారు ఆపి, లోపలే కూర్చుని మాంసం కూరిన రొట్టె ఒకటి తిని వచ్చేస్తాడు.

"మీరెవరూ అడ్డుపడలేదా?" అని చిన్నప్పుడు అడిగాను.

"అరిచాం ఇమ్కె. గొంతు పోయేలా అరిచాం. మాకు అరిచే హక్కు ఉందిగా. అదొక్కటే ఉంది."

మా దగ్గర అలా కాదు. క్లబ్బు సభ్యులది. ఏడాదికి ఒక ఆదివారం స్కూలు ఆటల హాలులో అందరం కూర్చుని చేతులెత్తి తేలుస్తాం. బాబాయి పుట్టినరోజుకి నాన్న ఎప్పుడో ఆయన్నీ సభ్యుణ్ణి చేశాడు. బాబాయి ప్రతి ఏడూ వచ్చేవాడు, ఓటు కార్డు తీసుకుని జేబులో పెట్టుకునేవాడు, ఒక్కసారి కూడా ఎత్తేవాడు కాదు. "నేను చూసేవాణ్ణి. ఏలేవాణ్ణి కాదు" అనేవాడు.

ఈ నవంబరు ఆదివారం తేలాల్సింది చిన్న విషయం కాదు. ఫుట్‌బాల్ జట్టును క్లబ్బు నుంచి విడదీసి కంపెనీగా చేసి, అందులో పెద్ద వాటా బయటి మదుపుదారుకి ఇవ్వాలని కార్యవర్గం తీర్మానం పెట్టింది. లీగు నియమం ప్రకారం ఆ కంపెనీలో సగం కంటే ఒక ఓటు ఎక్కువ సభ్యుల దగ్గరే ఉంటుందని అందరికీ వివరంగా చెప్పారు. "డబ్బు వాడిదైతే ఆ ఒక్క ఓటు కూడా వాడిదేరా" అన్నాడు బాబాయి. వచ్చినవాళ్ళలో ముప్పావు వంతు మంది ఔనంటే తీర్మానం నెగ్గుతుంది. కాదనేవాళ్ళకి పావు వంతు మించి చాలు. కానీ ఆ పావు వంతు కుర్చీల్లో ఉండాలి కదా.

ఆ పొద్దున మా వంటింట్లో నాన్న కాఫీ కప్పు ముందు పెట్టుకుని చాలాసేపు తాగకుండా కూర్చున్నాడు. గొంతులో కండ పెరిగిందని డాక్టరు అరవొద్దన్న తర్వాత, పోయిన వేసవిలో ఆయన మెట్టు దిగేశాడు. ఇప్పుడు మాట్లాడితే ఎండుటాకులు నలిపినట్టుంటుంది.

"ఇచ్చేస్తే పోలా?" అన్నాడు.

"ఎవరికి?"

"ఎవరికైతేనేం. వాళ్ళే స్టాండు పైకప్పు బాగుచేయిస్తారు. వాళ్ళే చలికాలం మంచు తోడిస్తారు. నిరసనగా మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరాం, పాట మానేసి నిలబడ్డాం, ఊరూరూ తిరిగి జెండాలు కుట్టాం. ఎన్నిసార్లు కాపాడతామే ఒకే క్లబ్బుని? నాకు నడుం నొప్పి ఇమ్కె."

చల్లారిన ఆయన కాఫీ తీసి మళ్ళీ వేడి పెట్టాను. నేను మాట్లాడితే గట్టిగా వినపడదు, అందుకే కాబోలు నన్ను ఓట్లు లెక్కపెట్టేవాళ్ళలో వేశారు. ఆ క్లబ్బు పోతే నాన్న దగ్గర ఏం మిగులుతుందో నాకు తెలుసు. గోల్ చూడని ఇరవై ఏళ్ళు మిగులుతాయి.

పల్లె నుంచి అందరం నాన్న నడిపే వ్యాన్‌లోనే వెళ్తాం. ఆదివారం మా ఊరికి బస్సు లేదు. నాన్న వస్తే అందరూ వస్తారు, నాన్న లేస్తే అందరూ లేస్తారు. ఆ సంగతి కార్యవర్గానికి మాకంటే బాగా తెలుసు. అందుకే, మేం విసిగి ముందే లేచిపోతామని, తీర్మానాన్ని వరసలో అన్నింటికంటే కిందకి నెట్టారు.

ముందు, చనిపోయిన సభ్యులకి మౌనం. తర్వాత యాభై ఏళ్ళ సభ్యత్వం పూర్తయినవాళ్ళకి చొక్కాకి పెట్టుకునే బిళ్ళలు. తర్వాత క్లబ్బులోని ఇంకో విభాగం, టేబుల్ టెన్నిస్ వాళ్ళ నివేదిక, వాళ్ళ కొత్త టేబుల్ కాలు విరగడం గురించి. తర్వాత ముసలివాళ్ళ వ్యాయామ విభాగం. వాళ్ళు కూడా సభ్యులే, వాళ్ళకీ ఓటుంది. ఈసారి కార్యవర్గం వాళ్ళ కోసం ప్రత్యేకంగా బస్సు పెట్టి, కాఫీ, వెన్న కేకు ఏర్పాటు చేసింది. ముందు వరసలన్నీ వాళ్ళే. ఇర్మ్‌ట్రౌట్ అమ్మమ్మ మైకు దగ్గరికి వచ్చి, నడుం వంచే కసరత్తుల వల్ల కలిగే లాభాలు ఒక్కొక్కటిగా చెప్పింది.

"చేసి చూపించమను, నిద్రపోతున్నాం" అన్నాడు వెనక నుంచి మా పల్లె బేకరీ డెట్మార్.

"నువ్వు రారా ముందుకి, నిన్నే వంచి చూపిస్తాను" అంది ఆవిడ మైకులోనే. హాలంతా నవ్వింది. నాన్న నవ్వలేదు.

విరామంలో పప్పు సూపు, సాసేజి తిన్నాం. తర్వాత కోశాధికారి తెర మీద పటాలు వేసి చెప్పడం మొదలుపెట్టాడు. బయట వాన. హాలులో తడి కోట్ల వాసన. కోశాధికారి ఇంకో పటం తెర మీదకి తెచ్చేసరికి నాన్న లేచి నిలబడ్డాడు. కోటు వేసుకున్నాడు. వ్యాన్ తాళాలు చప్పుడయ్యాయి.

నేను గోడ పక్కన, ఆ వరస చివరే నిలబడి ఉన్నాను.

"పదండి" అన్నాడు నాన్న మావాళ్ళతో. "చీకటి పడకముందే పోదాం."

డెట్మార్ కోటు అందుకున్నాడు. అతని పక్కవాళ్ళు సంచులు సర్దుకున్నారు. నెవిల్ బాబాయి మాత్రం కదల్లేదు. కాళ్ళు ముందుకు చాపుకుని తెరకేసి చూస్తున్నాడు.

"లేవరా నెవిల్."

"నేను రాను."

"నీకేం పని ఇక్కడ? నువ్వు చూసేవాడివేగా?"

"చూస్తున్నా. ఇది ఎంత విసుగ్గా ఉందో చూస్తున్నా."

"మరి లే."

"రైనోల్డ్, మా ఊళ్ళో మమ్మల్నెవరూ ఇలా విసిగించలేదురా. ఒకరోజు పేపర్లో చదివితే తెలిసింది, అయిపోయిందని. ఒక కుర్చీ వేసి, సూపు పోసి, ఓపిక చచ్చేదాకా పటాలు చూపించి ఉంటే..." అని ఆగాడు. "నువ్వెళ్ళు. నేను నడిచొస్తాలే."

"ఈ వానలోనా? ఎంత దూరమో తెలుసా?"

"సైన్యంలో చేశాను. నడవడం ఒక్కటే నేర్పారు."

నాన్న తన చేతిలోని ఓటు కార్డు కుర్చీ మీద పెట్టి, నన్ను దాటుకుని తలుపు వైపు వెళ్ళిపోయాడు. దాటేటప్పుడు నా ముఖం చూడలేదు.

డెట్మార్ సగం కోటు తొడుక్కుని నిలబడిపోయాడు. ఒక చెయ్యి లోపల, ఒకటి బయట.

"ఏం చేద్దాం?" అని అడిగారు పక్కవాళ్ళు.

అతను బాబాయి కేసి చూశాడు, తలుపు కేసి చూశాడు. "ఇంగ్లాండువాడు కూర్చుంటే మనం లేచి పోతామా? రేపు బేకరీకి వచ్చి బన్ను కొన్నప్పుడల్లా దెప్పుతాడు. నా వల్ల కాదు" అని కోటు విప్పి కూలబడ్డాడు. మిగతావాళ్ళూ గొణుక్కుంటూ కూర్చున్నారు.

తీర్మానం వచ్చేసరికి కిటికీల్లో వెలుతురు తగ్గింది. హాలు సగానికి పైగా ఖాళీ. కార్డుకి ఒకవైపు పచ్చ, ఒకవైపు ఎరుపు. ముందు ఔననేవాళ్ళని ఎత్తమన్నారు. వ్యాయామం వాళ్ళ వరసలన్నీ ఒక్కసారిగా పచ్చబడ్డాయి. ఇర్మ్‌ట్రౌట్ అమ్మమ్మ ఎత్తలేదు. ఆవిడ కేకు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత కాదనేవాళ్ళని ఎత్తమన్నారు. ఆవిడ పళ్ళెం పక్కన పెట్టి, ఎరుపు తిప్పి, కసరత్తు చేస్తున్నంత తిన్నగా చెయ్యి ఎత్తింది.

నేను వరస వెంట లెక్కపెట్టుకుంటూ వచ్చాను. డెట్మార్, ఎరుపు. అతని పక్కవాళ్ళు, ఎరుపు. బాబాయి జేబులో చెయ్యి పెట్టి కార్డు కోసం వెతుక్కుంటున్నాడు. అది దొరికాక ఎటు తిప్పాలో ఒక్క క్షణం చూసుకుని, బడిలో పిల్లవాడిలా మోచెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని ఎత్తాడు. పక్క కుర్చీ మీద నాన్న కార్డు ఎర్రవైపు పైకి పడి ఉంది. అది అలా పెట్టాడో, అలా పడిందో తెలియదు. ఖాళీ కుర్చీని లెక్కపెట్టకూడదు. దాటేశాను.

తీర్మానం ఓడిపోయింది. ముప్పావు వంతుకి తక్కువైన ఓట్లు మా వ్యాన్‌కి సరిపడా కూడా లేవు. ఎవరూ పాడలేదు. కొద్దిమంది చప్పట్లు కొట్టారు, మిగతావాళ్ళు కుర్చీలు మడిచి గోడ దగ్గర పేర్చారు. అధ్యక్షుడు కళ్ళద్దాలు తీసి కళ్ళు నలుముకున్నాడు. ఆయన ఓడినందుకు కాదు, అలిసిపోయినందుకే అనిపించింది.

వ్యాన్ పోలేదు. హాలు వెనక దీపం కింద ఆగి ఉంది. ఇంజను నడుస్తోంది, అద్దాల మీద ఆవిరి. నాన్న స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

ఒక్కొక్కరం ఎక్కాం. నాన్న వెనకవాళ్ళు కనపడే చిన్న అద్దంలో మా ముఖాలు వరసగా చూశాడు. కంచె మీద నిలబడి చూసినట్టే, ఈ చివర నుంచి ఆ చివరకి.

"పోయిందన్నమాట" అన్నాడు.

"లేదు నాన్నా. ఓడిపోయింది తీర్మానం. క్లబ్బు మనదే."

ఆయన వెనక్కి తిరిగి నేరుగా చూశాడు. "ఈ ముఖాలతోనా?"

"మీటింగులో గెలిస్తే ఇలాగే ఉంటాయి" అన్నాడు డెట్మార్. "నా నడుం విరిగింది."

నాన్న మళ్ళీ అద్దంలో చూశాడు. నమ్మినట్టు లేడు. నేను సీటు మీదుగా ఆయన కార్డు అందించాను. తీసుకుని, చూడకుండా జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు ఎత్తావా?" అని అడిగాడు బాబాయిని.

"ఎత్తా. భుజం పట్టేసింది."

"మళ్ళీ ఎప్పుడంట మీటింగు?"

"వచ్చే నవంబరు."

నాన్న గొంతులోంచి మూలుగు లాంటిది వచ్చింది. నవ్వేమో, చెప్పలేను. గేరు వేశాడు కానీ బండి కదపలేదు. ఇంకా అద్దంలోనే ఒక్కొక్కరినీ చూస్తున్నాడు, కొత్త భాష ఏదో చదవబోతున్నట్టు.

"రైనోల్డ్, ఇప్పుడైనా ముందుకి చూడరా. రోడ్డు అటుంది" అన్నాడు నెవిల్ బాబాయి.