తొండి చేసే మనిషి

శనివారం సాయంత్రం బావమరిది గడపలో అడుగు పెట్టేసరికే కుర్చీల మేస్త్రీ చదరంగం పరిచి సిద్ధంగా ఉన్నాడు. పగలంతా కొట్టులో విరిగిన కుర్చీలకు కాళ్ళు బిగించి, తెగిన అల్లికలు సరిచేసి, ఊరందరికీ కూర్చునే యోగం కల్పించే మనిషి ఆయన. ఆయన ఇంట్లో మాత్రం ఎదురుగా ఒకరు కూర్చునేది ఈ ఒక్క సాయంత్రమే. భార్య పోయాక కూడా ఆమె తమ్ముడు రావడం మానలేదు.

మొదటి ఆటలో బావమరిది ఇట్టే ఓడిపోయాడు. రెండోదీ అదే దారిలో ఉంది.

"నువ్వు ఆడేది చదరంగం కాదురా, బస్సు తోలుతున్నావు. ఎక్కడా బ్రేకు వెయ్యవేం?" అన్నాడు మేస్త్రీ.

బస్సు డ్రైవరు బావమరిది నవ్వాడు గానీ కళ్ళు గోడ గడియారం మీదే ఉన్నాయి. "డ్యూటీ మార్చారు బావా. ఇకనుంచి శనివారాలు కుదురుతాయో లేదో. వచ్చినా ఏముంది, కూర్చోగానే లేవడమేగా!"

ఈ ఒక్క సాయంత్రమూ పోతుందా అనుకున్నాడు మేస్త్రీ. పైకి మాత్రం, "అలాగేలే, నీ వీలు చూసుకో" అన్నాడు.

భార్య ఉన్నప్పుడు ఆట ఇంత త్వరగా తెమిలేది కాదు. మంచినీళ్ళు ఇవ్వడానికి వచ్చినట్టు వచ్చి, చీరచెంగు చాటున ఒక పావును జరిపి పోయేది. ఆమెకు ఆట రాదు. మొహాలు చూసేది. ఎవరి మొహం వాడిపోతే ఆ పూట వాళ్ళ పక్షం. లాభపడినవాడు కిక్కురుమనేవాడు కాదు, నష్టపోయినవాడు "తొండి! తొండి!" అని ఇల్లు పీకి పందిరేసేవాడు. "దేవుడు చేసేదీ ఇదేగా! ఓడిపోయేవాళ్ళ వైపు ఒక పావు జరుపుతాడు" అని ఆమె నవ్వేసేది.

ఆమె ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు మేస్త్రీ ఆ పావు కోసమే దేవుడికి మొక్కాడు. ఎందుకు జరపలేదో ఇప్పటికీ రోజూ దండం పెట్టుకుంటూనే అడుగుతున్నాడు. కోపంతో కాదు, తెలుసుకుందామని.

ఫోను మోగితే బావమరిది మాట్లాడుతూ వసారాలోకి వెళ్ళాడు. అతని గుర్రం చావుకు సిద్ధంగా ఉంది. అది పోతే ఆట పోయినట్టే, ఆట పోతే మనిషీ లేచిపోతాడు. మేస్త్రీ దేవుడి పటం వైపు ఒకసారి చూసి, "తప్పయితే నామీదే వెయ్యి స్వామీ" అనుకుని, ఆ గుర్రాన్ని దూకించాడు. అది వెళ్ళి మేస్త్రీ రాజుకూ మంత్రికీ ఒకేసారి గురిపెట్టింది.

తిరిగొచ్చిన బావమరిది బల్ల వంక తేరిపార చూశాడు.

"తొండి చేశావు బావా!"

"నేనా? నిన్ను గెలిపించడానికి నాకేం ఖర్మరా?"

"గుర్రం గుర్రంలాగే దూకింది. ఆటొచ్చిన చెయ్యి ఇది. అక్కకి గుర్రం నడక ఏనాడైనా తెలిసిందా? బంటులా ముందుకు తోసేసేది."

ఇద్దరూ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వు ఆగాక బావమరిది గుర్రాన్ని మునుపటి గడిలో పెట్టి, అక్కడినుంచి వేలితో ఒక గడి ముందుకు తోశాడు.

"అక్కయితే ఇక్కడ పెట్టేది" అన్నాడు మెల్లగా. "కానీ బావా, నీ ఎత్తు."

ఆ తప్పుడు గుర్రంతోనే ఇద్దరూ ఆడారు. బావమరిది మళ్ళీ గడియారం చూడలేదు. అన్నానికి రమ్మని తన ఇంటినుంచి ఫోనొచ్చాక మాత్రం లేచాడు. మేస్త్రీ ఏనుగు పోయింది, రాజు మూలకు చేరాడు.

"పావులు తియ్యకు బావా. ఎప్పుడు వీలైతే అప్పుడొచ్చి నీ ఆట కట్టిస్తా."

"వచ్చే శనివారమా?" అని నోటిదాకా వచ్చింది. మేస్త్రీ అడగలేదు. చెప్పుల చప్పుడు మెట్లు దిగి వీధిలో కలిసిపోయింది.

మంచినీళ్ళ గ్లాసులు రెండూ తీసుకుని ఆయన కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఈసారి ఓడిపోతున్నది తనే. బల్ల వైపు వీపు పెట్టి, కడిగిన గ్లాసునే మళ్ళీ కడుగుతూ, పావు జరపడానికి దేవుడికి సరిపడా వ్యవధి ఇచ్చాడు.

తర్వాత చేతులు తుడుచుకుని వెనక్కి తిరిగాడు. ఎక్కడి పావులు అక్కడే ఉన్నాయి.